తాళం లోపలి లెక్క

(చెన్నైలో తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఒక అపార్ట్‌మెంటు సముదాయంలో, నివాసుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. వక్త అంబత్తూరు పారిశ్రామికవాడలో టూల్ రూమ్ (పరిశ్రమకు కావలసిన పనిముట్లు, అచ్చులు చేసే విభాగం) ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు.)

సభలోని పెద్దలకు, అమ్మలకు, పిల్లలకు నమస్కారం.

గత నెల మన సంఘం సమావేశంలో ఇళ్ళ తలుపులకు కొత్త తాళాలు బిగించుకునే విషయం చర్చకు వచ్చినప్పుడు, ఏ కంపెనీది మంచిది, ఎన్ని లీవర్లది మంచిది, వేలిముద్రతో తెరుచుకునేది కొనవచ్చునా అన్న ప్రశ్నలు చాలా వచ్చాయి. ఈ ప్రశ్నలకు దుకాణదారు చెప్పే సమాధానం ఒకటుంటుంది, ఇత్తడినీ ఉక్కునూ లేతు మిషను మీద తిప్పి కొలిచినవాడు చెప్పే సమాధానం ఇంకొకటుంటుంది. నేను రెండో కోవకు చెందినవాణ్ణి కనుక ధరల సంగతి పక్కన పెట్టి, తాళం ఎలా పనిచేస్తుందో, ఎక్కడ ఓడిపోతుందో చెబుతాను. నిలువునా కోసిన ఒక ఇత్తడి సిలిండరును వెంట తెచ్చాను. దాన్ని ముందు వరుసవారు చూసి వెనక్కి అందించండి. తాళంచెవిని అందులో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూడండి. నేను చెప్పబోయే దాంట్లో సగం అందులోనే కనిపిస్తుంది.

మొదట ఒక చిన్న విషయం గమనించాలి. తలుపు మూసి ఉంచడానికి తాళం అవసరం లేదు. పాతకాలపు మండువా ఇళ్ళ సింహద్వారాలకు లోపలివైపు ఒక అడ్డగడియ ఉండేది. గోడలోని గూడులోంచి చేతిమందం దూలాన్ని లాగి తలుపు రెక్కలకు అడ్డంగా జరిపితే, బయటినుంచి దాన్ని తీయగలవాడు లేడు. అయితే దాన్ని వేయడానికి ఒక మనిషి లోపలే ఉండాలి. ఇంటిల్లిపాదీ పెళ్ళికి వెళ్ళాలంటే ఆ గడియ పనికిరాదు. బయటినుంచి మూయగలిగి, బయటినుంచే తెరవగలిగే ఏర్పాటు కావాలి. అంటే తలుపులో ఒక కన్నం పెట్టి, ఆ కన్నంలోంచి లోపలి గడియను కదిపే వీలు కల్పించాలి. ఆ వీలు మనకు ఉండాలి, పక్కవాడికి ఉండకూడదు. మనిషి ముఖం చూసి గుర్తుపట్టే శక్తి లోహానికి లేదు కనుక, అది గుర్తుపట్టగలిగేది కొలతను ఒక్కదాన్నే. తాళంచెవి మీది ఎత్తుపల్లాలు సరిపోతే కదులుతుంది, లేకపోతే కదలదు. తాళం మంచిదా కాదా అన్నది ఆ కొలతను అది ఎంత నిక్కచ్చిగా అడుగుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఈ కొలత అడిగే పద్ధతుల్లో అతి పాతవాటిలో ఒకటి ప్రాచీన ఈజిప్టులో కనిపిస్తుంది. కొయ్య గడియకు పైనుంచి కొయ్య పిన్నులు జారి దిగి దాన్ని పట్టి ఉంచేవి. మొనలు పైకి తేలిన కొయ్య తాళంచెవిని లోపలికి దూర్చి ఎత్తితే ఆ పిన్నులు లేచి గడియ వదులయ్యేది. ఆ తరువాత రోమన్లు లోహంతో తాళాలు చేశారు. వేలికి ఉంగరంలా తొడుక్కునే తాళంచెవులు వాళ్ళ కాలానివే. మధ్యయుగాలనుంచి పద్దెనిమిదో శతాబ్దం దాకా యూరపులో ఎక్కువగా నడిచింది అడ్డుగోడల తాళం. తాళం పెట్టె లోపల వలయాకారంగా పలుచని రేకులు అడ్డం నిలబెట్టి, ఆ రేకులు దూరేటట్టు తాళంచెవి చివర గంట్లు కోసేవారు. చూడడానికి ఆ తాళంచెవులు ఎంతో నగిషీగా ఉంటాయి. కాని దాని లోపం పుట్టుకతోనే ఉంది. ఆ రేకులు దేన్నీ పట్టి ఉంచవు, కేవలం దారికి అడ్డం నిలబడతాయి. తాళంచెవిలో గడియను నెట్టే కొస ఒక్కటి మిగిల్చి తక్కినదంతా అరగదీస్తే, ఆ అడ్డులన్నిటినీ తప్పించుకుని అది తిరిగిపోతుంది. ఒకే మారు తాళంచెవితో వీధిలోని ఇళ్ళన్నీ తెరవగలగడం అందువల్లే. ఇప్పటికీ చవక పెట్టెలకూ బీరువా అరలకూ ఈ రకం వస్తూనే ఉంది. దానికి తాళమన్న గౌరవం ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

1778లో ఇంగ్లండులో రాబర్ట్ బారన్ అనే ఆయన లీవరు తాళానికి పేటెంటు తీసుకున్నారు. మన గేట్లకు, దుకాణాలకు వేసే తాళం కప్పల మీద 6 లీవర్లు, 7 లీవర్లు అని చెక్కి ఉంటుందే, అది ఆ వంశమే. లోపల ఒకదాని మీద ఒకటి పేర్చిన పలుచని లోహపు పలకలుంటాయి. ఒక్కొక్కదానికి ఒక చిన్న స్ప్రింగు, ఒక్కొక్కదానిలో ఒక చీలిక. బోల్టుకు ఉన్న ఒక పొడుచుకొచ్చిన ముక్క ఆ చీలికలన్నిటిలోంచి ఒకేసారి దూరితేనే బోల్టు వెనక్కి జరుగుతుంది. తాళంచెవి తిరుగుతూ ప్రతి పలకను దానికి తగిన ఎత్తుకు లేపుతుంది. బారన్ చేసిన గొప్ప పని ఏమిటంటే, పలకను తక్కువగా లేపినా బోల్టు కదలదు, ఎక్కువగా లేపినా కదలదు. అంతకు ముందున్న తాళాల్లో ఎత్తితే చాలు. ఎంత ఎత్తాలన్న నిబంధన లేదు.

ఇక్కడ లీవర్ల సంఖ్య గురించి మన ప్రశ్నకు ఒక సమాధానం దొరుకుతుంది. ఏడు పలకలున్నంత మాత్రాన ఏడు వేర్వేరు కొలతలున్నాయని అర్థం కాదు. తక్కువ రకం తాళాల్లో రెండు మూడు కొలతల పలకలనే అటూ ఇటూ మార్చి పేరుస్తారు. చీలికను కూడా వెడల్పుగా కోస్తారు, ఎందుకంటే వెడల్పుగా ఉంటే నాసిరకం తాళంచెవికి కూడా తిరుగుతుంది, ఫిర్యాదులు రావు. అటువంటి తాళాలు ఒక డజను కొని ఒకదాని తాళంచెవితో మరొకదాన్ని తిప్పి చూస్తే ఏదో ఒకటి తెరుచుకునే అవకాశం బాగానే ఉంటుంది. సన్నని చీలికలున్న నాలుగు లీవర్ల తాళం, వెడల్పు చీలికలున్న ఏడు లీవర్ల తాళం కంటె మేలైనదని నా అభిప్రాయం. అయితే చీలిక వెడల్పును పెట్టె మీద ఎవరూ అచ్చు వేయరు.

కొలత నిక్కచ్చితనం ఎంత విలువైనదో తాళాల చరిత్రలో ఒక ఘట్టం చక్కగా చూపిస్తుంది. 1784లో జోసెఫ్ బ్రామా అనే ఆంగ్లేయుడు గుండ్రని గొట్టంలాంటి తాళంచెవితో తెరుచుకునే కొత్త తాళానికి పేటెంటు పొంది, కొంతకాలానికి లండనులోని తన దుకాణం కిటికీలో ఒక తాళం వేలాడదీసి, తాళంచెవి లేకుండా దీన్ని తెరిచే పనిముట్టును చేసినవారికి 200 గినీలు (ఆనాటి ఇంగ్లండు బంగారు నాణేలు) ఇస్తానని రాసిపెట్టారు. ఆ తాళాన్ని అంత సూక్ష్మంగా చేయడం చేతిపనితో సాధ్యం కాక, హెన్రీ మాడ్‌స్లే అనే యువకుణ్ణి చేర్చుకుని, దానికోసమే యంత్రాలు తయారు చేయించారు. తరువాతి రోజుల్లో మరలు కోసే లేతును మెరుగుపరిచి యంత్ర పరిశ్రమకు పునాది వేసినవారిలో ఒకరు ఆ మాడ్‌స్లేనే. మా టూల్ రూమ్ వృత్తి ఒక విధంగా తాళాల దుకాణంలో పుట్టిందని నేను కొంచెం గర్వంగానే చెప్పుకుంటాను.

ఆ కాలంలోనే, 1817లో ఇంగ్లండులోని పోర్ట్‌స్మత్ నౌకాశ్రయంలో మారు తాళంచెవులతో దొంగతనం జరిగింది. తన తాళంచెవితో తప్ప తెరుచుకోని తాళం కావాలని ప్రభుత్వం పోటీ పెట్టింది. 1818లో జెరెమయా చబ్ ఒక లీవరు తాళం తెచ్చారు. ఎవరైనా పరాయి పనిముట్టుతో ఒక లీవరును అవసరానికి మించి ఎత్తితే, ఒక కొక్కెం దాన్ని పట్టేసి తాళం బిగుసుకుపోతుంది. యజమాని వచ్చి తన తాళంచెవి పెట్టగానే ఎవరో చెయ్యి పెట్టారని తెలిసిపోతుంది. స్వతహాగా తాళాలు చేసేవాడైన ఒక ఖైదీకి దీన్ని తెరిస్తే క్షమాభిక్ష ఇస్తామని ఆశ పెట్టినా, నెలల తరబడి ప్రయత్నించి ఓడిపోయాడని చెబుతారు.

1851లో లండనులో జరిగిన, అనేక దేశాల పారిశ్రామిక వస్తువుల మహాప్రదర్శనకు ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ తాళాల నిపుణుడు వచ్చారు. చబ్ తాళాన్ని 25 నిమిషాల్లో తెరిచారు. అరవై ఏళ్ళకు పైగా ఎవరికీ లొంగని బ్రామా తాళాన్ని 16 రోజుల వ్యవధిలో, మొత్తం 51 గంటలు కూర్చుని తెరిచి, 200 గినీలు తీసుకున్నారు. పత్రికల్లో పెద్ద దుమారం రేగింది. తాళాల లోపాలను ఇలా బహిరంగంగా చూపించడం దొంగలకు పాఠం చెప్పడమేనని కొందరు కోప్పడ్డారు. దొంగలకు ఈ సంగతులు ఎప్పుడో తెలుసు, తెలియనిది కొనుక్కునేవాళ్ళకే అన్నది రెండో పక్షం వాదన. నేను రెండో పక్షం. లేకపోతే ఇవాళ మీ ముందు నిలబడేవాణ్ణి కాను. అయితే 51 గంటలన్న అంకెను కూడా మరిచిపోకూడదు. అంత సమయం తీసుకునే తాళం మన ఇంటి తలుపుకు ఉంటే ఏ దొంగా దాని జోలికి రాడు.

మన దేశం విషయానికి వస్తే, అలీగఢ్ తాళాల పేరు మీరందరూ విన్నదే. 1897లో బొంబాయి లాల్‌బాగ్‌లో అర్దేషిర్ గోద్రెజ్ తాళాల తయారీ మొదలుపెట్టారు. ఆయన చదివింది న్యాయశాస్త్రం. తాళాలకు ముందు శస్త్రచికిత్స పరికరాలు చేయబోతే, వాటి మీద భారతదేశంలో తయారైనట్టు ముద్ర వేయడానికి కొనేవారు ఒప్పుకోక ఆ వ్యాపారం ఆగిపోయింది. మన తమిళనాడులోనే దిండుక్కల్ ఉంది. అక్కడ ఇనుము, ఇత్తడితో చేతిపనిగా చేసే తాళాలకు 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. మామిడికాయ ఆకారంలో ఉండే తాళాన్ని అక్కడ మాంగాయ్ పూట్టు అంటారు. చేత్తో ఆకురాయి పట్టి ఒక్కొక్క లీవరునూ అరగదీసి కూర్చిన మంచి దిండుక్కల్ తాళాన్ని చేతిలోకి తీసుకుంటే ఆ బరువులోనే పనితనం తెలుస్తుంది. అది గుడి తలుపుకూ గోదాముకూ తగిన వస్తువు. మన ఫ్లాట్ల తలుపులకు అంత పెద్ద కప్ప అక్కర్లేదు.

ఇప్పుడు ఆ కోసిన సిలిండరు ఎవరి చేతిలో ఉందో వాళ్ళు కొంచెం పైకి పట్టుకోండి. ధన్యవాదాలు. దీని మూలపురుషులు అమెరికాలో లైనస్ యేల్ అనే పేరే పెట్టుకున్న తండ్రీకొడుకులు. తండ్రి 1840లలో ఈ పిన్నుల పద్ధతిని తెచ్చారు. చిత్రకారుడు కావాలని మొదట బొమ్మలు గీసిన కొడుకు 1861లోనూ 1865లోనూ పేటెంట్లు తీసుకుని, ఈ రోజు మన జేబుల్లో ఉన్న పలుచని, ఒక అంచు రంపంలా ఉండే తాళంచెవిని రూపొందించారు. నూట అరవై ఏళ్ళుగా దీని ప్రాథమిక అమరిక మారలేదు.

లోపల తిరిగే భాగాన్ని ప్లగ్గు అంటాం. వ్యాసం సుమారు 13 మిల్లీమీటర్లు. దాని చుట్టూ కదలని బాడీ ఉంది. బాడీలోంచి ప్లగ్గులోకి నిలువుగా ఐదారు రంధ్రాలు వరసగా తొలిచారు. ప్రతి రంధ్రంలో రెండేసి పిన్నులున్నాయి. కింది పిన్ను తాళంచెవిని తాకుతుంది, పై పిన్ను మీద స్ప్రింగు కూర్చుని కిందికి నొక్కుతూ ఉంటుంది. తాళంచెవి లేనప్పుడు పై పిన్నులు సగం బాడీలో, సగం ప్లగ్గులో ఉండి, రెండింటినీ కుట్టేసినట్టు పట్టి ఉంచుతాయి. సరైన తాళంచెవి దూర్చగానే ప్రతి జతలో రెండు పిన్నులు కలిసే చోటు సరిగ్గా ప్లగ్గు అంచుకు వస్తుంది. అప్పుడు ఆ అంచు మీదుగా ఏ పిన్నూ అడ్డం లేదు కనుక ప్లగ్గు తిరుగుతుంది. మీ చేతిలో ఉన్నదానిలో తాళంచెవిని ఒక గంటు వెనక్కి లాగి చూడండి. పిన్నులన్నీ ఒక్కసారిగా ఎత్తులు తప్పి, ఇత్తడి గీత మీద ఉక్కు ముక్కలు అడ్డం పడడం కళ్ళకు కనిపిస్తుంది.

లెక్క చూద్దాం. ఐదు పిన్నులు, ఒక్కొక్కదానికి ఆరు రకాల ఎత్తులు అనుకుంటే, ఆరును ఐదుసార్లు హెచ్చవేస్తే 7,776 రకాల తాళంచెవులు వస్తాయి. ఆరు పిన్నులు, పది ఎత్తులు అయితే పది లక్షలు. కాగితం మీద మాట ఇది. పక్కపక్క గంట్లలో ఒకటి మరీ లోతుగా, ఒకటి మరీ ఎత్తుగా ఉంటే తాళంచెవి దూరదు కనుక అలాంటివి వదిలేయాలి. అన్ని గంట్లూ ఒకే ఎత్తున్నవీ వదిలేయాలి. మిగిలినవే నిజంగా వాడుకకు వచ్చేవి. ఒక ఎత్తుకూ తరువాతి ఎత్తుకూ తేడా సాధారణంగా అర మిల్లీమీటరు, మంచి రకాల్లో అంతకంటె తక్కువ. అరిగిన తాళంచెవిని నమూనాగా పెట్టి, దాన్నుంచి ఇంకొకటి, దాన్నుంచి మరొకటి కోయించుకుంటూ పోతే, ప్రతిసారీ కొంత అరుగుదల కలిసి, చివరికి ఈ అర మిల్లీమీటరు మర్యాద దాటిపోతుంది. రోడ్డు పక్క గొడుగు కింద కూర్చుని తాళంచెవులు కోసేవాడి చేతిలో లోపం లేకపోయినా అది తిరగకపోవడానికి కారణం ఇదే. కొత్త తాళంతో వచ్చిన అసలు తాళంచెవుల్లో ఒకటి వాడకుండా దాచి, ఎప్పుడు నకలు కావాలన్నా దాన్నుంచే కోయించుకోవాలి.

ఇంత చక్కని ఏర్పాటును తాళంచెవి లేకుండా ఎలా తెరుస్తారు? కారణం మళ్ళీ కొలతలోనే ఉంది. రంధ్రాలన్నీ ఒకే సరళరేఖ మీద ఉండాలని మనం ఎంత కోరుకున్నా, డ్రిల్లు కొన్ని శతాంశాల మిల్లీమీటర్ల మేర అటో ఇటో వెళ్ళకుండా ఉండదు. ప్లగ్గును కొంచెం బలవంతంగా తిప్పబోతే అన్ని పిన్నులూ ఒకేసారి బిగుసుకోవు. అన్నిటికంటె పక్కకు జరిగిన రంధ్రంలోని పిన్ను ముందు బిగుసుకుంటుంది. దాన్ని సరైన ఎత్తుకు లేపితే ప్లగ్గు వెంట్రుకవాసి తిరిగి అది అక్కడే నిలిచిపోతుంది, తరువాతి పిన్ను బిగుసుకుంటుంది. పది లక్షల రకాలున్న తాళాన్ని ఒక్కొక్క పిన్నుగా విడదీసి పరిష్కరించడం ఈ పద్ధతి. అంటే పిన్నుల సంఖ్య కాక, రంధ్రాల మధ్య ఉన్న ఆ కొన్ని శతాంశాలే తాళం బలాన్ని తేల్చేది. రంధ్రాలు ఎంత సూటిగా ఉంటే అంత కష్టం. నడుము సన్నగా ఉండే పై పిన్నులు వాడితే, అవి సగంలో చిక్కుకుని ప్లగ్గు కొంచెం తిరిగి ఆగిపోయి, తెరిచేవాణ్ణి తప్పుదోవ పట్టిస్తాయి. మనవాళ్ళు కంప్యూటర్ కీ అని పిలుచుకునే, చదునైన వైపు గుంటలు తొలిచిన తాళంచెవులు కూడా ఇదే సూత్రం. పిన్నుల వరసలు ఎక్కువ, దిశలు ఎక్కువ. 1907లో ఫిన్లండులో పుట్టిన అబ్లోయ్ పద్ధతిలో మాత్రం పిన్నులకు బదులు గుండ్రని బిళ్ళలుంటాయి, స్ప్రింగులుండవు. దుమ్ముకీ చలికీ అది బాగా తట్టుకుంటుంది.

పిన్నులను కదిపి తెరిచే దొంగలు మన ఊళ్ళలో అరుదు, ఆ సంగతి ఒప్పుకోవాలి. తాళంచెవే దొరుకుతుంటే అంత శ్రమ ఎందుకు? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పాత అద్దెదారు, రంగులు వేసినవాళ్ళు, వడ్రంగి, ఇలా ఇల్లు మన చేతికి వచ్చేలోపు ఆ తాళంచెవి ఎన్ని చేతులు మారిందో ఎవరికి తెలుసు? అద్దె ఇల్లు మారినప్పుడు మొత్తం తాళం మార్చనక్కర్లేదు, సిలిండరు ఒక్కటి మారిస్తే చాలు. ఒక మరమేకు విప్పితే అది బయటికి వస్తుంది. ఇంకో మాట. గృహప్రవేశం రోజున కొత్త ఇంటి తాళంచెవిని అరచేతిలో పెట్టుకుని ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం ఇప్పుడు ఆనవాయితీ అయింది. 2008లోనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో పరిశోధకులు సుమారు 195 అడుగుల దూరంనుంచి తీసిన ఫొటోతోనే గంట్ల ఎత్తులు లెక్కగట్టి నకలు తాళంచెవి చేసి చూపించారు. ఐదు గంట్లు అంటే ఐదు అంకెలే. మీ బ్యాంకు కార్డు ఫొటో పెట్టనివారు దీన్ని ఎందుకు పెడుతున్నారో నాకు అర్థం కాదు.

ఇక తలుపు మీదికి వద్దాం. మన సముదాయంలో చాలా ఇళ్ళకు ఉన్నది మార్టిస్ తాళం. తలుపు రెక్క మందంలో గుంత తొలిచి దానిలో తాళం పెట్టెను దింపుతారు. ముందువైపు హ్యాండిలు, దాని కింద సిలిండరు. ఇందులో రెండు నాలుకలుంటాయి. ఏటవాలు కొస ఉన్నది తలుపు నెట్టగానే దానంతటదే పడుతుంది. దాన్ని పలుచని రేకుతో వెనక్కి నెట్టవచ్చు. తాళంచెవి తిప్పితేనే బయటికి వచ్చే చదరపు బోల్టు అలా వెనక్కి పోదు. పక్కింటికి కరివేపాకు కోసం వెళ్తూ తలుపు దగ్గరికి లాగి వెళ్ళేవాళ్ళు మొదటి నాలుక మీదే ఆధారపడుతున్నారు. తలుపు లోపలివైపు ఉపరితలం మీద బిగించే నైట్ లాచ్‌దీ దాదాపు ఇదే సంగతి. పైగా తాళంచెవి లోపల పెట్టి తలుపు లాగేసి బయట నిలబడిపోయే ప్రమాదం దానితో ఎక్కువ. గుండ్రటి పిడి మధ్యలో బొత్తం నొక్కే తాళం పడకగదికీ స్నానాలగదికీ సరిపోతుంది, వీధి తలుపుకు కాదు.

మార్టిస్ తాళం సిలిండరును పక్కనుంచి చూడండి. దాన్ని పట్టి ఉంచే మరమేకు దూరే రంధ్రం దగ్గర లోహం బాగా పలుచన. సిలిండరు తలుపు మీది హ్యాండిలు పలక దాటి బయటికి పొడుచుకొచ్చి ఉంటే, దాన్ని పట్టకారుతో పట్టి విరిచేయవచ్చు. ఎన్ని పిన్నులున్నా అప్పుడు లెక్కలోకి రావు. అందుకని తలుపు మందానికి తగిన పొడుగు సిలిండరే కొని, పలకకు 3 మిల్లీమీటర్ల కంటె బయటికి రాకుండా బిగించుకోవాలి. తలుపు మందం సంగతి కూడా అదే. 35 మిల్లీమీటర్ల రెక్కలో 19 మిల్లీమీటర్ల గుంత తొలిస్తే ఇరువైపులా మిగిలేది ఎనిమిదేసి మిల్లీమీటర్ల చెక్క. ఫ్లష్ డోరులో (రెండు వైపులా పలుచని ప్లైవుడ్ అతికించిన చదును తలుపులో) ఆ చోట లోపల గట్టి చెక్క దిమ్మ లేకపోతే, ఎంత ఖరీదైన తాళమైనా అట్టపెట్టెలో పెట్టినట్టే.

నేను అన్నిటికంటె ఎక్కువ పట్టించుకునేది ద్వారబంధంలో ఉండే స్ట్రైకర్ ప్లేటు. బోల్టు వెళ్ళి దూరేది దానిలోకి. గడ్డపార పెట్టి తోసినప్పుడు తాళం విరగదు. ఈ ప్లేటును పట్టుకున్న అర అంగుళం మరమేకులు ద్వారబంధం అంచును చీల్చుకుని ఊడివస్తాయి. రెండు, రెండున్నర అంగుళాల ఉక్కు మరమేకులు వేసి, వీలైతే ద్వారబంధం దాటి గోడలోకి పట్టేటట్టు బిగిస్తే తలుపు బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. దానికయ్యే ఖర్చు కొత్త తాళం ఖరీదులో ఏ మూలకూ రాదు, కాని దుకాణంలో ఎవరూ దీని మాట ఎత్తరు, అమ్మడానికి అందులో ఏమీ లేదు కాబట్టి. తలుపు బయటికి తెరుచుకునేదైతే మడతబందుల పిన్నులు ఊడకుండా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

చెన్నైలో దీనికి తోడు వాన ఉంది. తమిళుల ఐప్పసి, కార్తీక మాసాల్లో, అంటే అక్టోబరు నడిమినుంచి, వానలు మొదలవగానే తలుపు చెక్క ఉబ్బుతుంది. మడతబందుల మరమేకులు వదులై రెక్క కొంచెం కిందికి కుంగుతుంది. అప్పుడు బోల్టు ప్లేటు రంధ్రంలోకి దూరకుండా దాని కింది అంచుకు తగిలి ఆగుతుంది. మనం హ్యాండిలు పట్టుకుని తలుపును పైకెత్తి తాళంచెవిని బలంగా తిప్పుతాం. తాళం పాడైందనుకుని మార్చినవారూ ఉన్నారు. తలుపు తెరిచి ఉంచి తాళంచెవి తిప్పి చూడండి. అప్పుడు సాఫీగా తిరిగితే తాళం తప్పేమీ లేదు. బోల్టు కొసకు పెన్సిలుతో నల్లగా రుద్ది తలుపు వేసి తిప్పితే ప్లేటు మీద ఎక్కడ తగులుతోందో మచ్చ పడుతుంది. మడతబందుల మరమేకులు బిగించి, ఇంకా తగులుతుంటే ఆ మచ్చ ఉన్నచోట ప్లేటును ఆకురాయితో అరగదీయాలి. తాళంచెవిని అరగదీయకూడదు. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్ళలో మామూలు ఇనుప స్ప్రింగులు త్వరగా తుప్పు పడతాయి. అక్కడ ఇత్తడి లేదా మంచి స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకోవాలి. ఏ ఊళ్ళోనైనా సిలిండరులో కొబ్బరినూనె పోయడం మానాలి. అది నాలుగు రోజులు హాయిగా తిరిగేటట్టు చేసి, ఆ తరువాత దుమ్మును పట్టి బంకలా తయారవుతుంది. పిన్నులకు కావలసింది పొడి గ్రాఫైటు. తాళంచెవి గంట్ల మీద మెత్తని పెన్సిలు ములుకు రుద్ది లోపలికీ బయటికీ ఆడించినా సరిపోతుంది.

వేలిముద్ర తాళాల గురించి యువకులు అడుగుతున్నారు కనుక చెబుతాను. దానిలో కూడా ద్వారబంధంలోకి వెళ్ళేది అదే ఉక్కు బోల్టు. ఎలక్ట్రానిక్ భాగం చేసేది ఒక చిన్న మోటారుతో హ్యాండిలునూ బోల్టునూ జతచేయడమే. వేలిముద్ర, అంకెలు, కార్డు అన్నీ ఆ మోటారుకు అనుమతి ఇచ్చే దారులు. సౌకర్యం నిజమే, తాళంచెవుల గుత్తి మోసుకు తిరగనక్కర్లేదు, పనిమనిషికి వేరే అంకె ఇచ్చి మానేసిన రోజున దాన్ని తీసేయవచ్చు. కాని బ్యాటరీ అయిపోతే తెరవడానికి ఒక మూల మూత కింద మామూలు తాళంచెవి రంధ్రం ఉంటుంది. చవక రకాల్లో ఆ సిలిండరు అతి నాసిరకంది పెడతారు. కొనేముందు మూత తీసి దాన్ని చూడండి. అంకెల పలక మీద నాలుగు అంకెలే జిడ్డు పట్టి మెరుస్తుంటే, ఆ నాలుగింటినీ తిరగేసి వేయగల వరసలు 24 మాత్రమే. అసలు అంకెకు ముందూ వెనకా వేరే అంకెలు నొక్కే వీలున్న రకం మేలు. వృద్ధుల వేళ్ళమీది గీతలు అరిగిపోయి ఉంటాయి, వంటింట్లో తడిసిన వేళ్ళను కొన్ని యంత్రాలు గుర్తించవు. కనుక ఇంట్లో ప్రతి ఒక్కరికీ రెండు వేళ్ళయినా నమోదు చేయించాలి.

మన కింది అంతస్తు గాజు తలుపుకు ఉన్నది విద్యుదయస్కాంత తాళం. అది 600 పౌండ్ల బలంతో పట్టుకుంటుంది, కరెంటు ఉన్నంతసేపే. కరెంటు పోయి వెనకనున్న బ్యాటరీ కూడా అయిపోతే తలుపు తెరుచుకుంటుంది. మనుషులు లోపల చిక్కుకోకూడదన్న ఉద్దేశంతోనే దాన్ని అలా చేశారు. 2015 డిసెంబరు వరదల్లో నగరంలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అటువంటి రోజుల్లో ఆ తలుపు దగ్గర కాపలాకు మనిషి ఉండాలన్నది మన సంఘం ముందే రాసిపెట్టుకోవాలి.

వెనక వరుసలోంచి ఒక అమ్మగారు అడుగుతున్నారు, రాత్రిళ్ళు తలుపు ముందరి గ్రిల్లు గేటుకు లోపలినుంచి తాళం కప్ప వేసుకుంటాం, అది మంచిదేనా అని. ఈ ప్రశ్న వచ్చినందుకు చాలా సంతోషం అమ్మా. దొంగ విషయంలో మంచిదే. నిప్పు విషయంలో ప్రమాదం. బయటికి వెళ్ళే దారిలోని తలుపు లోపలివైపునుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. మీ చెక్క తలుపుకు, లోపలివైపు తాళంచెవి రంధ్రానికి బదులు చేత్తో తిప్పే బొత్తం ఉన్న సిలిండరు పెట్టించుకోండి. గ్రిల్లుకు కూడా లోపల తిప్పే గడియ ఉన్న తాళం బిగించి, బయటినుంచి చెయ్యి దూర్చి దాన్ని అందుకోకుండా చుట్టూ ఒక రేకు వెల్డింగు చేయించాలి. అది అయ్యేదాకా తాళం కప్పే వాడవలసి వస్తే, దాని తాళంచెవికి గ్రిల్లు బయటినుంచి చెయ్యి అందని గోడ మీద ఒక కొక్కెం కొట్టి, పిల్లలకు కూడా అందే ఎత్తులో, రోజూ అక్కడే తగిలించండి. ఆ కొక్కేనికి ఇంకే తాళంచెవీ ఉండకూడదు. పొగ కమ్మిన చీకట్లో గుత్తిలోంచి ఒకదాన్ని వెతికి తీసే వ్యవధి ఉండదు.